కర్ర కింద పెట్టే పద్ధతి

కోటవీధి చివర రేకుల షెడ్డు.
లోపల ఇసక. సముద్రానిదే, కాని
నాలుగుసార్లు జల్లించి, ఉప్పు కడిగి పోసింది.
చెప్పులు గుమ్మం బయట,
వాటి ముక్కులు వీధి వైపు.
"లోపలికి తిరిగున్న సెప్పు
తగువుకొచ్చినట్టుంటాది" అంటాడు తవిటయ్య గురువు.

నాకు ముప్పై నాలుగు.
పోర్టులో లారీల తూకం రాసే ఉద్యోగం.
పగలంతా టన్నుల్లో మాట్లాడి
సాయంత్రం ఆరింటికి
నిలువెత్తు వెదురు ముందు నోరు మూసుకుంటాను.

మొదటిరోజు అడిగాను, దణ్ణం ఎవరికి పెట్టాలని.
గోడమీద ఆంజనేయుడి పటం ఉంది.
పక్కనే గురువుగారి గురువు ఫొటో,
చెమ్మకి ముఖమంతా చెరిగి
మీసం మాత్రం మిగిలింది.
ఆయన రెండూ చూపించలేదు.
"నీకంటే ముందొచ్చినోళ్ళకి" అన్నాడు.

ముందొచ్చినవాళ్ళలో పైడితల్లి, ఏడో తరగతి.
ముక్కు ఎగబీలుస్తూ నా దణ్ణం అందుకుని
తనూ వంగి తిరిగి పెట్టింది.
నేను కొంచెం తక్కువ వంగానని
ఆ పిల్ల నడుము చూశాకే తెలిసింది.

పడున్న కర్రని దాటకూడదు, చుట్టూ తిరిగి రావాలి.
ఒకరి కర్ర అడక్కుండా ముట్టుకోకూడదు.
దెబ్బ తగిలిస్తే నవ్వకూడదు,
తప్పించుకుంటే అసలు నవ్వకూడదు.
ఇవి ఎవరూ గోడమీద రాయలేదు.
తప్పు జరిగినప్పుడు గురువు దగ్గుతాడు.
ఆ దగ్గులో ఏ తప్పుందో మనమే వెతుక్కోవాలి.

నా జోడీ కుర్మయ్య.
ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తాడు,
అరచేతులు ఎప్పుడూ చల్లగా, నానిపోయి తెల్లగా.
అతని కర్ర నా దాకా వచ్చేసరికి
అక్షింతల్లా రాలేది.
నెల. రెండు నెలలు.
నేను అడ్డుకున్నాననుకున్నవన్నీ
అతను ఆపుకున్నవి.
ఇంట్లో అద్దం ముందు గర్వపడ్డాను కూడా.

ఒకనాడు దగ్గు రాలేదు, మాటే వచ్చింది.
"కుర్మయ్యా, ఆ అమ్మికి మర్యాద సేత్తన్నాననుకుంటన్నావు.
సగం దెబ్బేత్తే సగం మనిసన్నట్టు.
ఆ పిల్ల నిండుగా వచ్చినాది.
నువ్వూ నిండుగా రా."

కుర్మయ్య తల దించుకున్నాడు.
తన కర్ర కొసతో నా కర్ర కొసని తాకాడు,
అది అడగడం.
నేనూ తాకించాను,
అది సరే అనడం.

డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌస్ వెలుగు
ఒక చుట్టు తిరిగి వచ్చేలోగా
నా ఉంగరపు వేలు వేరే దారి పట్టింది.

ఇసకలో కూలబడ్డాను.
కుర్మయ్య వెంటనే పరిగెత్తి రాలేదు.
ముందు రెండు చేతులతో కర్రని నేలమీద పెట్టాడు,
కొస నా వైపు కాకుండా తన వైపు తిప్పి.
ఆ తర్వాతే వచ్చి
ఐసు చేతుల మధ్య నా వేలు దాచాడు.
అంత నొప్పిలోనూ నేను చూసింది ఆ కర్రనే,
ఎంత నెమ్మదిగా పెట్టాడో,
పసిపిల్లని పక్కమీద పడుకోబెట్టినట్టు.

కేజీహెచ్ దాకా ఆటోలో ఎవరం మాట్లాడలేదు.
గురువు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని
పూర్ణా మార్కెట్ దగ్గర ఒకసారి దగ్గాడు.
ఆ దగ్గు మా ఇద్దరిలో ఎవరికో,
తనకేనో,
ఇప్పటికీ తెలీదు.

వేలు అతికింది, పూర్తిగా వంగదు.
తూకం రసీదుల్లో నా తొమ్మిదులు
కొంచెం వెనక్కి వాలుతున్నాయి.

నలభై రోజులకి మళ్ళీ వెళ్ళాను.
చెప్పులు విప్పి ముక్కులు వీధికి తిప్పాను.
పైడితల్లికి వంగాను, ఈసారి లెక్క సరిపోయింది.
గోడవారన కొత్త వెదురు ఒకటి,
సరిగ్గా నా వేలు వంగని చోట
వేలెడు మేర చెక్కి, నూనె రాసి.
కుర్మయ్య నాదేనని చెప్పలేదు.
తీసుకోమని చెయ్యి చూపించలేదు.
పక్కకి జరిగి, ఇసక సర్దుతున్నట్టు
కాలితో గీతలు గీస్తున్నాడు.

అడక్కుండా ముట్టుకోకూడదు కదా.
అడిగాను.